భిలాయి నుంచి సముద్రానికి: సరుకు రవాణాలో మధ్యవర్తి చరిత్ర

విద్యార్థులారా! భిలాయి పేరు మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. రెండో పంచవర్ష ప్రణాళిక, సోవియట్ సహకారం, ప్రభుత్వ రంగంలో ఉక్కు. సాధారణంగా ఈ మూడు మాటలతో ఆ పాఠం ముగిసిపోతుంది. ఒక చిన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. భిలాయికి సముద్రం లేదు. అక్కడి నుంచి రైలు మార్గాన బొంబాయి సుమారు 1,100 కిలోమీటర్లు, కలకత్తా సుమారు 850 కిలోమీటర్లు. అన్నింటికన్నా దగ్గరి రేవైన విశాఖపట్నం కూడా ఐదు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అలాంటి చోటికి వేల మైళ్ల అవతల తయారైన యంత్రాలు ఎలా చేరాయి? అక్కడ తయారైన పట్టాలు ఇతర దేశాలకు ఎలా వెళ్లాయి?

ఓడ మోసింది, రైలు మోసింది అని వెంటనే జవాబు చెప్పవచ్చు. అది సగం జవాబే. కర్మాగారం నుంచి రైలుకు, రైలు నుంచి రేవుకు, రేవు నుంచి ఓడకు, ఓడ నుంచి మళ్లీ రేవుకు సరుకు చేతులు మారుతూ పోతుంది. మారిన ప్రతిసారీ ఒక ప్రశ్న పుడుతుంది. ఇప్పుడీ సరుకుకు పూచీ ఎవరిది? విరిగితే, తడిస్తే, పోతే, ఆలస్యమైతే నష్టం ఎవరు భరించాలి? ఈ చేతులు మార్పిడిని నడిపించడమే వృత్తిగా పెట్టుకున్న వ్యక్తిని నేడు ఫ్రైట్ ఫార్వార్డర్ అంటున్నాం. ఈ పాఠంలో ఆ వృత్తి చరిత్రను భిలాయి, విశాఖల మధ్య సాగిన రాకపోకల ఆధారంగా తెలుసుకుందాం.

దుబాసీ నుంచి ఫార్వార్డర్ దాకా

సముద్ర వ్యాపారంలో మధ్యవర్తి తెలుగువారికి కొత్త కాదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. అంతకుముందే డచ్చివారు అక్కడికి వచ్చి ఉన్నారు. వారికి కావలసింది కలంకారీ, నూలు బట్టలు. వారికి మన భాష రాదు, మన తూకాలు తెలియవు, ఏ ఊరి నేతగాడు ఎలాంటి బట్ట నేస్తాడో తెలియదు. ఈ లోటును తీర్చినవాడు దుబాసీ. రెండు భాషలు తెలిసినవాడు, అంటే ద్విభాషి, అన్న మాటే దుబాసీ అయింది.

దుబాసీ పని మాటలు అనువదించడంతో ఆగిపోలేదు. బేరం కుదర్చడం, బయానా సొమ్ము నేతగాళ్లకు చేర్చడం, గడువులోగా సరుకు రేవుకు తేవడం, సుంకాల వద్ద మాట్లాడడం కూడా ఆయన పనులే. నేతగాడు బట్ట ఇవ్వకపోతే కంపెనీ ముందుగా దుబాసీనే నిలదీసేది. పదిహేడో శతాబ్దంలో మద్రాసులో బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి తెలుగు వర్తకులు కంపెనీకి సరుకు సమకూర్చి గొప్ప పలుకుబడి సంపాదించారు. వారి పలుకుబడికి మూలం భాష ఒక్కటే కాదు, వారు తీసుకున్న పూచీ.

ఐరోపాలో ఈ పని పందొమ్మిదో శతాబ్దంలో ప్రత్యేక వృత్తిగా స్థిరపడింది. ఆవిరి ఓడలు, రైళ్లు వచ్చాయి. ఒకే సరుకు రెండు మూడు వాహనాలు, రెండు మూడు దేశాలు దాటవలసి వచ్చింది. లండన్‌లో 1836లో మొదలైన థామస్ మెడోస్ సంస్థను తొలి ఫార్వార్డింగ్ సంస్థల్లో ఒకటిగా చెబుతారు. 1926 మే 31న వియన్నా నగరంలో వివిధ దేశాల ఫార్వార్డర్ల సంఘాలు కలిసి ఒక అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. దాని పేరు ఫియాటా. మన దేశంలో రేవుల వద్ద ఈ పని చేసేవారిని చాలాకాలం క్లియరింగ్ ఏజెంట్లు అనే పిలిచారు. ఓడ నుంచి దిగిన సరుకుకు సుంకం కట్టి విడిపించడం వారి ముఖ్యమైన పని కాబట్టి ఆ పేరు వచ్చింది.

మాంగనీసు కోసం కట్టిన రేవు

ఇప్పుడు విశాఖకు వద్దాం. విశాఖ రేవును ఎందుకు కట్టారో తెలిస్తే భిలాయితో దాని సంబంధం సులభంగా అర్థమవుతుంది.

నాటి సెంట్రల్ ప్రావిన్సెస్, అంటే నేటి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, విదర్భ ప్రాంతాల్లో మాంగనీసు ఖనిజం పుష్కలంగా ఉంది. దానిని సముద్రానికి చేర్చడానికి దగ్గరి దారి లేదు. కలకత్తా, మద్రాసుల మధ్య పెద్ద ఓడలు సురక్షితంగా నిలిచే రేవు కూడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట రేవు కట్టాలన్న ప్రతిపాదనకు ప్రభుత్వం ఆమోదం తెలిపింది. 1927, 1933 సంవత్సరాల మధ్య బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ పని పూర్తిచేసింది. ఇసుక మేటలు వేయకుండా, అలల తాకిడి తగలకుండా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రాకతో ఈ రేవు పని మొదలైంది.

రేవు ఒక్కటే చాలదు, దారి కూడా కావాలి. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా తూర్పు కనుమలను దాటి రాయపూర్ చేరే రైలు మార్గం 1931 నాటికి పూర్తయింది. ఈ మార్గంతో ఛత్తీస్‌గఢ్ మైదానం నేరుగా తెలుగు తీరానికి కలిసింది. అప్పటికి భిలాయి ఒక చిన్న పల్లె. కానీ ఇరవై ఏళ్ల తర్వాత అక్కడ ఉక్కు కర్మాగారం కట్టాలని నిర్ణయించినప్పుడు, వాడుకోవడానికి ఒక రేవు, ఒక రైలు దారి సిద్ధంగా ఉన్నాయి. ఖనిజాన్ని బయటికి పంపడానికి వలస పాలకులు వేసిన దారి, స్వతంత్ర భారతంలో యంత్రాలను లోపలికి తేవడానికి పనికివచ్చింది.

ఒప్పందం, యంత్రాలు, ప్రయాణం

1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో భిలాయి ఒప్పందం మీద సంతకం చేసింది. ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు దిమ్మెల సామర్థ్యంతో కర్మాగారం కట్టాలన్నది లక్ష్యం. యంత్రాల కోసం సోవియట్ ప్రభుత్వం అప్పు ఇచ్చింది. వడ్డీ రెండున్నర శాతం, వాయిదాలు పన్నెండు. డాలర్లలో కాకుండా రూపాయల్లో తీర్చే వీలు కల్పించారు. ఆ రూపాయలతో సోవియట్ యూనియన్ మన వద్ద సరుకులు కొనుక్కునేది. టీ, జనపనార, తోలు వస్తువులతో పాటు తర్వాతి దశాబ్దాల్లో గుంటూరు ప్రాంతపు వర్జీనియా పొగాకు కూడా ఈ రూపాయి వ్యాపారంలో పెద్ద ఎత్తున వెళ్లింది. అంటే యంత్రాలు వచ్చిన సముద్రపు దారిలోనే, వాటి బాకీ తీర్చే సరుకులు తిరుగు ప్రయాణం కట్టాయి.

యంత్రాలు తయారైనది సముద్రానికి చాలా దూరంగా. ఉరల్ పర్వతాల దగ్గర ఉన్న ఉరల్మాష్ వంటి భారీ యంత్ర కర్మాగారాల నుంచి అవి రైలు మీద నల్ల సముద్రపు రేవులకు రావాలి. అక్కడ ఓడకెక్కి, బోస్ఫరస్ జలసంధి, మధ్యధరా సముద్రం, సూయెజ్ కాలువ, ఎర్ర సముద్రం, అరేబియా సముద్రం దాటి మన రేవులకు చేరాలి. అక్కడ దిగి మళ్లీ రైలెక్కి భిలాయికి రావాలి. ఈ దారిలో ఎన్నిసార్లు చేతులు మారాయో లెక్కపెట్టి చూడండి.

పైగా ఇవి బస్తాల్లో పట్టే సరుకులు కావు. బ్లాస్ట్ ఫర్నేసు భాగాలు, రోలింగ్ మిల్లు చట్రాలు, మోటార్లు టన్నుల కొద్దీ బరువు ఉంటాయి. రైలు వ్యాగను కొలతలను మించిన సరుకును రైల్వేవారు ఓడీసీ అంటారు. దానిని పంపాలంటే దారిలోని ప్రతి వంతెన, ప్రతి మలుపు, ప్రతి స్టేషను ప్లాట్‌ఫారం అంచు ముందుగా సరిచూసుకోవాలి. రేవులో అంత బరువును ఎత్తగల క్రేను ఉండాలి. ఒక పెద్ద యంత్రం యాభై పెట్టెల్లో వస్తే, అందులో ఒక్క పెట్టె తప్పిపోయినా మిగతా నలభై తొమ్మిదీ పనికిరాకుండా పడి ఉంటాయి. అందుకే ప్రతి పెట్టె మీద గుర్తు, సంఖ్య, బరువు రాస్తారు. ఆ వివరాలన్నీ ప్యాకింగ్ లిస్టు అనే పట్టికలో చూపిస్తారు. పట్టికకూ పెట్టెలకూ పొంతన చూడడం ఫార్వార్డింగ్ పనిలో మొదటి మెట్టు.

1957లో భిలాయి బాధ్యత హిందుస్థాన్ స్టీల్ సంస్థ చేతికి వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఒప్పందం కుదిరిన నాటి నుంచి లెక్కిస్తే ఇది నాలుగేళ్ల పని. 1960లో పట్టాలు చుట్టే రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లు మొదలైంది. ఇంత వేగంగా పని జరగడానికి ఇంజనీర్ల, కార్మికుల శ్రమ ప్రధాన కారణం. కానీ పునాది సిద్ధమయ్యే వేళకు యంత్రం కూడా చేరి ఉండాలి కదా! యంత్రం ముందుగా వస్తే ఎండకూ వానకూ తుప్పు పడుతుంది, ఆలస్యంగా వస్తే వేలమంది చేతులు కట్టుకు కూర్చోవాలి. రవాణా నిర్వహణ విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఈ దశలో ఫార్వార్డర్ ఎవరు అని అడిగితే, చాలావరకు ప్రభుత్వాలే అని చెప్పాలి. అమ్మినది సోవియట్ ప్రభుత్వ సంస్థ, కొన్నది భారత ప్రభుత్వ సంస్థ. రైళ్లు రెండు దేశాల్లోనూ ప్రభుత్వానివే. రెండు దేశాల మధ్య క్రమబద్ధంగా ఓడలు నడపడానికి 1956లో మరో ఒప్పందం కుదిరింది. రేవుల వద్ద దించే పనిలో, పత్రాల పనిలో ప్రైవేటు ఏజెంట్లు ఉన్నా, పెద్ద చిక్కు వచ్చినప్పుడు రెండు ప్రభుత్వాలు కూర్చుని తేల్చుకునేవి. పూచీ చివరకు ఖజానా మీదే నిలిచేది.

సూయెజ్ మూతపడితే

ఆ ఏర్పాటుకు వెంటనే పరీక్ష ఎదురైంది. 1956 జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయెజ్ కాలువను జాతీయం చేశారు. అక్టోబరు చివర ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్సులు ఈజిప్టు మీద దాడికి దిగాయి. ముంచివేసిన ఓడలతో కాలువ మూతపడి, 1957 ఏప్రిల్‌లో గానీ పూర్తిగా తెరుచుకోలేదు. భిలాయి నిర్మాణం అప్పుడే ఊపందుకుంటున్నది.

కాలువ మూతపడితే నల్ల సముద్రం నుంచి భారతదేశానికి రావలసిన ఓడ ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావాలి. ఒడెస్సా నుంచి బొంబాయికి సూయెజ్ మీదుగా సుమారు 4,200 నాటికల్ మైళ్లు. గుడ్ హోప్ అగ్రం చుట్టి వస్తే దాదాపు 11,800 నాటికల్ మైళ్లు. అంటే దూరం రెండు రెట్లకు మించి పెరుగుతుంది. ఆ మేరకు ఇంధనం, రోజులు, కిరాయి, బీమా అన్నీ పెరుగుతాయి. 1967 యుద్ధంలో మూతపడిన కాలువ ఈసారి ఎనిమిదేళ్ల పాటు, 1975 జూన్ దాకా తెరుచుకోలేదు. భిలాయి సామర్థ్యం 25 లక్షల టన్నులకు పెరిగినది సరిగ్గా 1967లోనే.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోకండి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఒక్క ఓడ అడ్డం తిరిగి ఆరు రోజుల పాటు ఆ కాలువను ఆపేసింది. 2023 చివర ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక అనేక నౌకా సంస్థలు మళ్లీ ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. ఇలాంటి సమయంలో ఏ దారిన పంపాలి, ఎన్ని రోజులు అదనంగా పడతాయి, పెరిగిన కిరాయి అమ్మినవాడు కట్టాలా కొన్నవాడు కట్టాలా అన్నవి తేల్చడం ఫార్వార్డర్ చేసే పని. జవాబు ముందే రాసుకున్న ఒప్పందంలో ఉంటే మంచిది. లేకపోతే అది తగాదా అవుతుంది.

ఒక కాగితం, మూడు పనులు

ఈ ఒప్పందాలకు ఆధారమైన కాగితాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం. దాని పేరు బిల్ ఆఫ్ లేడింగ్. సరుకు ఓడకెక్కాక ఓడ యాజమాన్యం ఇచ్చే పత్రమిది. ఇది మూడు పనులు చేస్తుంది. ఒకటి, సరుకు అందినట్లు రసీదు. రెండు, ఏ షరతులపై మోస్తున్నారో చెప్పే సాక్ష్యం. మూడు, సరుకు మీద హక్కును చూపే పత్రం. మూడో పని చాలా ముఖ్యమైనది. సరుకు నడిసముద్రంలో ఉండగానే ఈ కాగితాన్ని చేతులు మార్చి సరుకును అమ్మవచ్చు. దీని మీద బ్యాంకు అప్పు ఇస్తుంది. అసలు పత్రం చూపించినవారికే గమ్యపు రేవులో సరుకు అప్పగిస్తారు.

మన దేశంలో ఈ పత్రానికి సంబంధించిన చట్టం 1856లో, అంటే కంపెనీ పాలన చివరి రోజుల్లో వచ్చింది. భిలాయి యంత్రాలు వచ్చినా, పట్టాలు వెళ్లినా, నూట అరవై ఏళ్లకు పైగా ఆ చిన్న చట్టమే ఆధారం. 2025లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. సముద్రం మీద సరుకు మోసేవారి బాధ్యతలను చెప్పిన 1925 నాటి చట్టం స్థానంలో కూడా అదే ఏడాది కొత్తది వచ్చింది.

పూచీ ఏ క్షణంలో చేతులు మారుతుందో చెప్పడానికి మరో ఏర్పాటు ఉంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో ఇన్‌కోటెర్మ్స్ అనే వ్యాపార నిబంధనలు ప్రకటించింది. వాటిలో ఎఫ్ఓబీ అన్న మాట మీరు వినే ఉంటారు. సరుకు ఓడ అంచున ఉన్న కమ్మీని దాటితే అమ్మినవాడి పూచీ తీరిందని చాలాకాలం దానికి అర్థం చెప్పేవారు. మరి క్రేను కొక్కేనికి వేలాడుతున్న పెట్టె సరిగ్గా కమ్మీ మీదుగా జారి పడితే? లోపల పడితే ఒక లెక్క, బయట పడితే ఒక లెక్క. న్యాయవాదులు ఏళ్ల తరబడి వాదించుకున్న ప్రశ్న ఇది. 2010 సవరణలో ఆ కమ్మీ గీతను తీసేసి, సరుకు ఓడ మీదికి చేరాలని మార్చారు.

పట్టాలు ఎదురు దారి పట్టాయి

భిలాయి మొదట దిగుమతులకు గమ్యం. త్వరలోనే అది ఎగుమతులకు బయలుదేరే చోటు కూడా అయింది. దక్షిణ కొరియా, ఇరాన్, ఈజిప్టు, బంగ్లాదేశ్ వంటి దేశాలకు భిలాయి పట్టాలు వెళ్లాయి. వచ్చిన దారినే, అంటే రాయపూర్, విజయనగరం మీదుగా విశాఖకు చేరడం వీలైంది. 1973లో స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా, అంటే సెయిల్ ఏర్పడింది. ఆ సంస్థ రేవు పనుల కోసం సొంతంగా రవాణా, నౌకా విభాగాన్ని నడుపుకుంది. దాని శాఖ ఒకటి విశాఖలో పనిచేసింది. దేశంలో దొరికే కోకింగ్ బొగ్గు నాణ్యత చాలక, ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి బొగ్గు దిగుమతి మొదలయ్యాక విశాఖ, భిలాయిల బంధం మరింత బలపడింది. 1976లో ప్రారంభమైన విశాఖ ఔటర్ హార్బరు పెద్ద ఓడలకు చోటు కల్పించింది.

పట్టాల ఎగుమతిలో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. ప్రపంచ రవాణాను కంటైనరు మార్చివేసిందని మీరు చదివి ఉంటారు. మన దేశానికి తొలి కంటైనరు ఓడ 1973లో కొచ్చిన్ రేవుకు వచ్చింది. విశాఖలో ప్రత్యేక కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది. పెద్ద కంటైనరు పొడవు 40 అడుగులు, అంటే సుమారు 12 మీటర్లు. మన రైల్వేలో మామూలు పట్టా పొడవు 13 మీటర్లు. ఒక్క మీటరు తేడాతో పట్టా కంటైనరులో పట్టదు! కాబట్టి పట్టాలను విడిగానే ఓడ అడుగున వరుసలుగా పేర్చాలి. వరుసకూ వరుసకూ మధ్య చెక్క దిమ్మెలు వేయాలి. ఓడ ఊగినప్పుడు జారకుండా బిగించాలి. ఎత్తేటప్పుడు నడుము వంగితే పట్టా పనికిరాదు కాబట్టి రెండు మూడు చోట్ల పట్టుకుని ఎత్తాలి. ఏ సరుకుకు ఏ పద్ధతి తగినదో తెలిసి ఉండడం ఈ వృత్తిలో ముఖ్యమైన నేర్పు.

ఈ రైలు దారి సరుకులనే కాదు, మనుషులను కూడా చేర్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు ఉద్యోగాల కోసం భిలాయి వెళ్లి స్థిరపడ్డాయి. ఖుర్సీపార్ వంటి పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది.

ప్రభుత్వం చేతి నుంచి చిన్న యజమాని చేతికి

ఉక్కు కర్మాగారం చుట్టూ కాలక్రమంలో అనుబంధ పరిశ్రమలు పెరిగాయి. భిలాయిలోని లైట్ ఇండస్ట్రియల్ ఏరియా, హెవీ ఇండస్ట్రియల్ ఏరియాల్లో పోత పోసేవి, యంత్ర భాగాలు చెక్కేవి, ఇనుప కట్టడాలు తయారుచేసేవి ఎన్నో ఉన్నాయి. 1991లో ఆర్థిక సంస్కరణలు వచ్చాయి. అదే ఏడాది సోవియట్ యూనియన్ కూలిపోయింది. ప్రభుత్వం, ప్రభుత్వం మాట్లాడుకుని సరుకు పంపుకునే కాలం పోయింది. విదేశాలకు సరుకు అమ్మే అవకాశం చిన్న యజమానికి వచ్చింది. దానితోపాటే, ఇంతకాలం ఖజానా మోసిన పూచీ కూడా ఆయన మీద పడింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భిలాయిలోని ఒక చిన్న పోత పరిశ్రమ యజమాని గల్ఫ్ దేశానికి ఒక యంత్ర భాగం పంపాలని అనుకుందాం. ఆయనకు ముందుగా ఎగుమతి, దిగుమతి కోడ్ సంఖ్య కావాలి. ఇన్వాయిసు, ప్యాకింగ్ లిస్టు తయారుచేయాలి. కస్టమ్స్‌కు షిప్పింగ్ బిల్లు సమర్పించాలి. చెక్క పెట్టెలో పెడితే, చెక్కలో పురుగులు లేకుండా వేడి శుద్ధి చేసి, పెట్టె మీద ముద్ర వేయించాలి. 2002 నాటి అంతర్జాతీయ ప్రమాణం అది. కంటైనరులో పంపితే, 2016 జూలై నుంచి దాని మొత్తం బరువును తూచి ధ్రువీకరించాలి. కంటైనరును రాయపూర్ నుంచి రైలులో రేవుకు పంపాలి. ఓడలో చోటు ముందే ఖాయం చేసుకోవాలి. ఇన్ని పనులు చిన్న యజమాని ఒక్కడే చేసుకోలేడు. ఆయన ఫార్వార్డర్ దగ్గరకు వెళ్లక తప్పదు.

అక్కడ ఆయన మొదట అడగవలసిన ప్రశ్న కిరాయి ఎంత అని కాదు. "మీరు నా తరఫు ఏజెంటా, లేక సరుకు చేర్చే పూచీ మీరే తీసుకుంటున్నారా?" అని అడగాలి. ఏజెంటు అయితే, ఓడ సంస్థతో ఒప్పందం యజమానిదే అవుతుంది. సరుకు చెడితే యజమాని ఓడ సంస్థనే పట్టుకోవాలి. అలా కాక ఫార్వార్డరు తన పేరు మీదే బిల్ ఆఫ్ లేడింగ్ ఇస్తే, మోసే పూచీ ఆయనది అవుతుంది. దీనిని హౌస్ బిల్ అంటారు. ఓడ సంస్థ ఇచ్చేది మాస్టర్ బిల్. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. సరుకు పోయిన రోజున గానీ తేడా తెలియదు.

మన చట్టాలు ఈ తేడాను గుర్తించాయి. 1993లో మల్టీమోడల్ ట్రాన్స్‌పోర్టేషన్ ఆఫ్ గూడ్స్ చట్టం వచ్చింది. రోడ్డు, రైలు, ఓడ కలిసిన ఎగుమతి ప్రయాణమంతటికీ ఒకే పత్రం ఇచ్చి, మొదటి నుంచి చివరి దాకా ఒకరే బాధ్యత వహించే పద్ధతిని ఆ చట్టం నెలకొల్పింది. అలాంటి సంస్థ ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. కస్టమ్స్ పని చేసేవారికి వేరుగా లైసెన్సు ఉండాలి. వారిని కస్టమ్ హౌస్ ఏజెంట్లు అనేవారు. 2013 నుంచి కస్టమ్స్ బ్రోకర్లు అంటున్నారు. కక్షిదారు తప్పు చెబుతున్నాడని తెలిస్తే, చట్టం ప్రకారం నడవమని సలహా ఇవ్వడం, వినకపోతే కస్టమ్స్ అధికారుల దృష్టికి తేవడం ఆ లైసెన్సు షరతుల్లో ఒకటి.

పూచీ తీసుకున్నా, దానికి ఒక హద్దు ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు. 1993 చట్టం ప్రకారం సరుకు స్వభావం, విలువ ముందుగా ప్రకటించకపోతే, సముద్ర ప్రయాణం ఉన్న రవాణాలో నష్టపరిహారం కిలోకు 2 ఎస్‌డీఆర్ లేదా పెట్టెకు 666.67 ఎస్‌డీఆర్, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకే. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క ప్రమాణం. మన యజమాని పంపిన యంత్ర భాగం బరువు 500 కిలోలు అనుకుందాం. కిలో లెక్కన వచ్చేది 1,000 ఎస్‌డీఆర్. అది రూపాయల్లో లక్షకు కాస్త పైన. ఆ భాగం విలువ పది లక్షలైనా సరే, అంతే. మిగతా తొమ్మిది లక్షల దాకా నష్టం ఎవరిది? విలువ ప్రకటించకుండా, సరుకుకు వేరుగా బీమా చేయించకుండా పంపిన యజమానిదే. ఒక చిన్న పరిశ్రమ మూతపడడానికి అలాంటి నష్టం ఒక్కటి చాలు. అక్కడ పనిచేసే ఇరవై మంది జీతాలు ఆ చూసుకోని కాగితంతో ముడిపడి ఉన్నాయి.

ఆలస్యానికి కూడా ఖర్చు ఉంది. సరుకు రేవులో గడువు దాటి ఉంటే రోజుకింత చొప్పున డెమరేజి పడుతుంది. ఖాళీ కంటైనరు తిరిగి ఇవ్వడం ఆలస్యమైతే డిటెన్షన్ అని మరో రుసుము. ఇవి రోజులు గడిచేకొద్దీ పెరుగుతాయి. ఒక్కోసారి సరుకు విలువనే మించిపోతాయి. ఎవరి వల్ల ఆలస్యమైతే ఎవరు కట్టాలో ముందే రాసుకోవాలి.

సారాంశం

విద్యార్థులారా! మచిలీపట్నం దుబాసీ, విశాఖ క్లియరింగ్ ఏజెంటు, 1950లలో రెండు ప్రభుత్వాలు, నేటి ఫ్రైట్ ఫార్వార్డర్ చేసిన పని మూలంలో ఒక్కటే. ఒకరినొకరు చూడని ఇద్దరి మధ్య సరుకునూ నమ్మకాన్నీ చేరవేయడం. మారినదల్లా పూచీ ఎవరి మీద ఉందన్నది. దుబాసీ తన పరువును పూచీగా పెట్టాడు. భిలాయి నిర్మాణ కాలంలో ప్రభుత్వ ఖజానా పూచీగా నిలిచింది. నేడు ఆ పూచీ ఒక పత్రంలోని షరతుల్లో ఉంది. దుబాసీ కాలంలో రెండు భాషలు వస్తే చాలు. ఇప్పుడు ఆ పత్రం భాష కూడా రావాలి.

భిలాయి చరిత్రను కొలిమి దగ్గర మొదలుపెట్టి చదవడం మనకు అలవాటు. రేవు దగ్గర మొదలుపెట్టి చదివితే, ఆ కొలిమి వెలగడానికి ఎందరి చేతులు, ఎన్ని సంతకాలు కావలసి వచ్చాయో తెలుస్తుంది. మీలో కొందరు రేపు సరుకు తయారుచేసేవారు అవుతారు, కొందరు పంపేవారు అవుతారు. ఎవరైనా సంతకం చేసే ముందు ఆ పత్రం వెనకవైపు చిన్న అక్షరాలు కూడా చదవండి. పూచీ ఎవరిదో రాసి ఉండేది అక్కడే.

ఆలోచించండి

1. విశాఖ రేవు, రాయపూర్–విజయనగరం రైలు మార్గం లేకపోతే భిలాయి నిర్మాణం ఎలా సాగి ఉండేది? పటం సాయంతో వివరించండి.

2. దుబాసీకీ, నేటి ఫ్రైట్ ఫార్వార్డర్‌కూ ఉన్న పోలికలు, తేడాలు రాయండి.

3. బిల్ ఆఫ్ లేడింగ్ చేసే మూడు పనులు ఏవి? వాటిలో బ్యాంకుకు ఏది ముఖ్యం? ఎందుకు?

4. 800 కిలోల బరువున్న ఒక పెట్టెను విలువ ప్రకటించకుండా పంపారు. అది సముద్రంలో పోయింది. 1993 చట్టం ప్రకారం గరిష్ఠ పరిహారం ఎన్ని ఎస్‌డీఆర్‌లో లెక్కకట్టండి.